పదకొండు మోటర్లు, పన్నెండు ఫోన్లు

ఇంటర్వ్యూలో నేను చెప్పిన అబద్ధం ఒక్కటే. దుబాయిలో ఐదేళ్లు ఆఫీసు ఫోన్లు బిగించానన్నాను. నిజానికి ఆ ఐదేళ్లూ చేవెళ్ల బస్టాండు దగ్గర ఎస్టీడీ బూతులో కూర్చున్నాను. అదీ ఫోన్ల పనే కాబట్టి మనసు పెద్దగా నొచ్చుకోలేదు. పైగా దుబాయి ఎండల గురించి నేను చెప్పింది విని ఇంటర్వ్యూ చేసినాయన రెండు గ్లాసుల నీళ్లు తాగాడు.

అలా మొయినాబాద్‌లో కొత్తగా తెరిచిన కాల్‌సెంటర్లో ఫోన్ల ఇన్‌చార్జినయ్యాను. నగరంలో కిరాయిలు పెరిగి, ఐటీ పనులు బీజాపూర్ రోడ్డు వెంట పొలాల దాకా వచ్చిన రోజులవి. ఎరువుల దుకాణం మీద మా ఆఫీసు. పన్నెండు కుర్చీలు, పన్నెండు ఇంటర్నెట్ ఫోన్లు.

ఈ ఫోన్లకు ఒక అలవాటు. కరెంటు రాగానే పనిలోకి దిగవు. ముందు హెడ్డాఫీసు సర్వర్‌ను అడుగుతాయి, కొత్త సాఫ్ట్‌వేర్ ఏమన్నా వచ్చిందా అని. రాలేదంటే సరే. వచ్చిందంటే మొత్తం దించుకుని, లోపల రాసుకుని, ఒకసారి ఆరి, మళ్లీ వెలిగాకే పలుకుతాయి.

ఒక సోమవారం పొద్దున పోయిన కరెంటు తొమ్మిదిన్నరకు వచ్చింది. ఆదివారమే హెడ్డాఫీసు వాళ్లు కొత్త సాఫ్ట్‌వేర్ పెట్టారు. పన్నెండు ఫోన్లూ ఒకేసారి లేచి, ఒకేసారి దించుకోవడం మొదలుపెట్టాయి. మా ఇంటర్నెట్ లైను సన్నం. ఎంత దిగిందో చూపే గీత ఫోను తెర మీద కొంత దూరం పాకి ఆగిపోయేది. కాసేపు చూసి ఫోను తనే ఆరిపోయి, మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టేది.

పదింటికి హెడ్డాఫీసు నుంచి మేనేజర్ నా సెల్‌కు చేశాడు. "పదకొండింటికి ఒక్కో సీటుకు నేనే కాల్ చేస్తా. ఒక్కటి మోగకపోయినా సాయంత్రం వస్తా. నీ దుబాయి సర్టిఫికెట్లు తీసి పెట్టు."

నాకు తెలిసిన విద్యంతా ప్రయోగించాను. అంటే మెయిన్ స్విచ్ ఆపి మళ్లీ వేశాను. మూడుసార్లు.

అప్పుడు వచ్చింది, మాకు చాయ్ పెట్టే అవ్వ. చేవెళ్ల అవతల ఆమెకు రెండెకరాల క్యారెట్ తోట. పొద్దున్నే నీళ్లు పారించి బస్సెక్కేది.

"ఏం కొడుకా, లేస్తలేవా?"

"అప్‌డేట్ అయితున్నయవ్వా. నీకు తెల్వదు."

"అన్ని ఒక్కపారే పెడ్తే ఎట్ల లేస్తయి? మా ట్రాన్స్‌ఫార్మర్ కింద పదకొండు మోటర్లున్నయి. కరెంటు రాంగనే అందరు బటన్ ఒత్తితే ఒక్కటి నీళ్లు గుంజది. అందుకే వరుస కట్టుకున్నం. ఒగలది అందుకున్నంకనే ఇంకొగలది. ఆగనోని ఫ్యూజు మేమే పీకుతం."

"ఇవి మోటర్లు కావు, ఫోన్లు."

"ఏదైతేంది, గుంజుతున్నయి గదా!"

నేను అడ్డుపడేలోపు పదకొండు ప్లగ్గులు పీకేసింది. రాసుకుంటుండగా పీకితే ఫోను ఇక లేవదని ఫోన్లతో వచ్చిన పుస్తకంలో ఉంది. ఒక్కటీ అంత దూరం రాలేదు కాబట్టి బతికిపోయాం. మిగిలిన ఒక్క ఫోను గీత ఆగకుండా చివరిదాకా పాకింది. ఆరింది, వెలిగింది, పలికింది. నాలుగు నిమిషాలు పట్టింది. అవ్వ రెండో ప్లగ్గు పెట్టింది.

పదకొండింటికి మేనేజర్ మొదటి సీటుకు కాల్ చేశాడు. ఆయన పదకొండో సీటుకు చేరేసరికి పన్నెండో ఫోన్లో గీత ఇంకా సగంలో ఉంది. పదకొండో సీటు అమ్మాయి చేతిలోంచి రిసీవర్ లాక్కున్నాను.

"సార్, దుబాయిల ఒకపారి ఒంటె వచ్చి మా ఫోన్ వైరు నమిలింది."

"ఒంటెనా?"

"ఒంటెనే సార్. తరువాత దాని కడుపుల రింగు మోగింది."

మేనేజర్ రెండు నిమిషాలు ఆసక్తిగా విన్నాడు. ఒంటెను దవాఖానలో చేర్పించేసరికి పన్నెండో ఫోన్ వెలిగింది. సెలవు తీసుకుని ఆ ఫోను దగ్గరికి నడిచాను. మోగింది.

"అన్ని ఫోన్లు ఎట్ల లేపినవయ్యా? వేరే బ్రాంచీలల్ల ఇంకా లేస్తలేవు."

"దుబాయి పద్ధతి సార్. వరుస కట్టాలె."

"అన్ని బ్రాంచీలకు రాసి పంపు," అన్నాడు. సర్టిఫికెట్ల మాట మళ్లీ ఎత్తలేదు.

అవ్వ చాయ్ గ్లాసు నా ముందు పెట్టింది.

"దుబాయిల గూడ వరుస కడ్తరా కొడుకా?"

"కడ్తరవ్వా."

"ఎవలు నేర్పిన్రు వాళ్లకు?"

"చేవెళ్లోళ్లు."

"గదే అనుకున్న," అని మిగతా గ్లాసులు తీసుకుని వెళ్లిపోయింది.