జూన్ ఒకటి పిల్లలు

పాప చేతిలోంచి చెక్క స్కేలు జారి బండల మీద పడింది. ప్లాస్టిక్ స్కేలైతే ఎగిరెగిరి ఏ మంచం కిందికో పోతుంది. ఇది ఒక్కసారి టక్కుమని, పడ్డచోటే ఉండిపోతుంది. వంగి తీసి, అలవాటుగా ముక్కు దగ్గర పెట్టుకున్నాను. సిరా, చేతి చెమట, పాత రిజిస్టర్ల అట్టలు కలిసిన వాసన ఇంకా పోలేదు. ఒక అంచు నల్లగా నిగనిగలాడుతుంది. మొదటి ఏడు అంకెలూ అరిగిపోయాయి. దీంతో దేన్నీ కొలవలేం. కొలవడానికి దీన్ని ఎవరూ వాడనూ లేదు.

పాప నిద్రపోయింది. బడిలో చేర్చడానికి నింపిన దరఖాస్తు నా ముందుంది. పొద్దున ఇచ్చి రావాలి. సాయంత్రం నుంచి ఆరుసార్లు చదివాను. నా స్వభావమే అంత. గ్యాస్ కట్టేశానని తెలిసి కూడా మళ్ళీ వంటింట్లోకి వెళ్ళి చూస్తాను. పాప కదలకుండా పడుకుంటే ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తాను. మా ఆయన నవ్వుతాడు. కానీ తేదీల దగ్గర మాత్రం నేను భయపడను. పుట్టిన తేదీ గడి దగ్గరికి రాగానే నా చెయ్యి కుదురుగా ఉంటుంది. ఆ కుదురు నాకు పుట్టుకతో వచ్చింది కాదు, ఈ స్కేలు గల మనిషి ఇచ్చింది. ఆమె పేరు కరుణమ్మ.

నేను డిగ్రీ ముగించిన కొత్తలో, బీదర్‌లో బడులకు సాఫ్ట్‌వేర్ రాసే చిన్న కంపెనీలో చేరాను. ఒక బడి రికార్డులన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కించే పని నాకిచ్చి, కొన్ని నెలలు ఆ బడి ఆఫీసులోనే కూర్చోమన్నారు. అక్కడి హెడ్ క్లర్కు కరుణమ్మ. పొట్టి మనిషి. చేతి గడియారం ముఖం మణికట్టు లోపలివైపుకు తిప్పి పెట్టుకునేది. ఆదివారం చర్చిలో పాడిన పాటనే బుధవారం దాకా కూనిరాగం తీస్తూ ఫైళ్ళు సర్దేది. విద్యాశాఖ వాళ్ళతో కన్నడం, ఆటోవాళ్ళతో ఉర్దూ, మాలాంటి వాళ్ళతో తెలుగు. కోపమొస్తే మూడూ కలిపి. మొదటిరోజు నేను "మేడమ్" అంటే, "మేడమ్ గీడమ్ వద్దు. కరుణమ్మ అను, సాలు. నువ్వేమో కంప్యూటరమ్మవు. ఇద్దరం అమ్మలమే," అని తన బల్ల పక్కనే నాకు బల్ల వేయించింది.

పిల్లల పుట్టిన తేదీలు ఎక్కిస్తుండగా నాకు మొదటి వింత కనిపించింది. చాలామంది జూన్ ఒకటినే పుట్టారు. ఇదేమిటని అడిగితే పకపకా నవ్వింది. "ఇంట్ల కాన్పయిన పిల్లలకు కాగితం యాడుంటదే? ఎప్పుడు పుట్టిందమ్మా అంటే, జొన్న కోస్తున్నప్పుడు అంటరు. బావి తవ్విన యేడు అంటరు. ఏడేండ్లో ఎనిమిదేండ్లో అని అంచనా కట్టి, తారీఖు కాడ జూన్ ఒకటి రాస్తం. బడి తలుపు తెరిచే దినం. నాది గూడ జూన్ ఒకటే. మా అమ్మనేమో చలికాలంల పుట్టినవంటది." తర్వాత రిజిస్టర్ వైపు చూపించి గొంతు తగ్గించింది. "నవ్వుతున్న గాని, ఒక్కసారి సిరాతో రాసినంక ఆ బిడ్డ బతుకంత గదే తారీఖు. అందుకే జర భద్రం."

ఆ భద్రం ఎలా ఉండేదంటే, ఒకచోటి నుంచి ఇంకోచోటికి తేదీలు ఎక్కించినప్పుడల్లా ఒకరు రిజిస్టర్ చూసి పైకి చదవాలి. ఇంకొకరు కొత్త కాగితం మీద ఆ వరుస కింద స్కేలు పెట్టి, సరిపోతే ఎర్ర పెన్సిల్‌తో టిక్కు పెట్టాలి. తర్వాతే స్కేలు కిందికి జరగాలి. నాకది చాదస్తంగా తోచేది. "కంప్యూటర్ తప్పు చేయదు కరుణమ్మా," అన్నానొకసారి. "అవునా? దానికి నేర్పింది ఎవరు?" అంది. "నేనే." "అయితే సరే, సదువు," అని స్కేలు పెట్టింది.

నేను చెప్పదలచుకున్న రోజు ఒక ఆశ్రమ పాఠశాల ప్రవేశ పరీక్షకు పిల్లల జాబితా పంపడానికి ఆఖరి గడువు. సాయంత్రం ఐదింటిలోపు స్ప్రెడ్‌షీట్ విద్యాశాఖకు చేరాలి. ఒక సంవత్సరం చెప్పి, ఆ ఏడాది జూన్ ఒకటికి ముందు పుట్టినవాళ్ళకు వయసు మించినట్టేనని నిబంధన. కరుణమ్మ పొద్దున్నే విద్యాశాఖ ఆఫీసుకు వెళ్ళింది. నేను నా ప్రోగ్రాం నడిపాను. అది అర్హులను ఒక పేజీలో, వయసు మించినవాళ్ళను ఇంకో పేజీలో వేసి ఇచ్చింది. ఎంత ముచ్చటగా ఉందో అనుకున్నాను. స్కేలు గుర్తే రాలేదు.

అప్పుడు జనవాడ నుంచి నాగమ్మ వచ్చింది, కూతురు శోభను వెంటబెట్టుకుని. చెరుకు కోతకు పోయే మనిషి, కూలి పోగొట్టుకుని వచ్చింది. శోభ మా బడిలోనే చదువుతుంది. ఆశ్రమ పాఠశాలలో సీటు వస్తే తిండీ చదువూ అక్కడే. రాకపోతే కమలనగర్‌లో ఉన్న అక్క ఇంటికి పంపుతారు, అక్క పిల్లను ఎత్తుకోవడానికి. అక్కడితో చదువు ఆఖరు. ఇదంతా నాగమ్మ నిలబడే చెప్పింది. నేను షీట్ చూశాను. శోభ పేరు రెండో పేజీలో ఉంది. మే ముప్పై ఒకటి.

"వయసు ఒక్కరోజు మించిందమ్మా. రాయడానికి కుదరదు," అన్నాను.

"ఒక్క దినమేనా?" అని నాగమ్మ కూతురి వైపు చూసింది. "కడుపుల ఇంకొక్క దినం ఆగితే అయిపోవు గదనే, ఏం తొందరొచ్చింది నీకు?" నవ్వబోయింది గానీ నవ్వు రాలేదు. శోభ నా కంప్యూటర్ తెర మీద తన పేరు ఎక్కడుందో వెతుక్కుంటూ నిలబడింది. నిబంధన ఎవరికైనా నిబంధనే అని ఇంకో మాట కూడా అన్నాను. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.

వాళ్ళు వెళ్ళిన కాసేపటికి కరుణమ్మ వచ్చింది. ముఖం కడుక్కుని కూర్చుని, అచ్చు తీసిన జాబితా మీద స్కేలు పెట్టింది. రెండో పేజీకి వెళ్ళింది. మళ్ళీ మొదటి పేజీకి వచ్చింది.

"జూన్ ఒకటోళ్ళు నలుగురే ఉన్నరేందే?"

"అంతమందే ఉన్నారేమో."

"ఏమో అంటవేంది? సగం బడికి నా చేత్తోని రాసిన జూన్ ఒకటి. యాడికి పోయిన్రు అందరు?" రెండో పేజీలో మే ముప్పై ఒకట్ల మీద వేలుతో కొట్టింది. "గీ మే ముప్పై ఒకటి నాడు తాలూకా మొత్తం ఒక్కసారే కన్నదా?"

తెర మీద శోభ వివరాలు తెరిచాను. జూన్ ఒకటి అనే ఉంది. షీట్‌లో మే ముప్పై ఒకటి. రెండూ నేను రాసిన ప్రోగ్రామే చూపిస్తోంది. పది నిమిషాల్లో కారణం దొరికింది. మనం తేదీ ఒక్కటే ఎంచుకున్నా, నా ప్రోగ్రాం దానికి మన అర్ధరాత్రి పన్నెండు గంటలు తగిలించి దాచుకుంటోంది. దాచేటప్పుడు లోకమంతటికీ పెట్టుకున్న ఒకే గడియారంలోకి మారుస్తుంది. ఆ గడియారం మనకంటే ఐదున్నర గంటలు వెనక. మన జూన్ ఒకటి మొదలయ్యే సమయానికి అక్కడింకా మే ముప్పై ఒకటి సాయంత్రం. తెర మీద చూపేటప్పుడు తిరిగి మన సమయంలోకి మారుస్తోంది. షీట్‌లోకి రాసేటప్పుడు మాత్రం మార్చకుండా, గంటలు కత్తిరించి, తేదీ రాసేస్తోంది. ఆ తిరిగి మార్చే వాక్యం రాయడం నేనే మరిచిపోయాను. ప్రతి పిల్లా ఒక రోజు వెనక్కి జరిగింది. మిగతా తేదీల్లో ఎవరికీ తెలిసేది కాదు. జూన్ ఒకటి మాయమైంది కాబట్టి కరుణమ్మకు తెలిసింది.

"అందరికీ ఒక రోజు కలిపేస్తాను, రెండు నిమిషాల పని," అన్నాను.

"అందరికా? అట్లయితే గీ నలుగురు జూన్ రెండుకు పోతరు గద."

ఆ నలుగురివీ తెరిచి చూశాను. ఆ నలుగురి వివరాలు పాత కంప్యూటర్ జాబితా నుంచి నేరుగా ఎక్కించినవి. వాటికి మన అర్ధరాత్రి తగల్లేదు, అందుకే సరిగ్గా వచ్చాయి. కంగారులో తప్పు మీద ఇంకో తప్పు వేయబోయాను. అంతలో ఆమె అడిగింది, పొద్దున ఎవరైనా వచ్చారా అని. నాగమ్మ సంగతి చెప్పాను. కరుణమ్మ ముఖం మారిపోయింది.

"జాబితాల పేరు ఎక్కిస్తం, అది వేరే సంగతి. తల్లి సంతకం గావాలె. అంతకన్న ముఖ్యం, ఆ తల్లి 'కాదు' అన్న మాట ఇన్నది. ఇంటికి పోయి గదే జెప్తది. నీ నోటితోని కాదన్నవ్, నీ నోటితోనే రమ్మను. జల్దీ పో. కంప్యూటర్ తప్పు చేసిందని మాత్రం అనకు."

బస్టాండుకు ఆటోలో వెళ్ళాను. జనవాడ బస్సు ఇంకా కదల్లేదు. కిటికీ పక్కన శోభ కనబడింది. ఎక్కి, నాగమ్మ ముందు నిలబడి, "తప్పు నాదమ్మా. శోభకు వయసు మించలేదు. నేనే తప్పు తారీఖు తీశాను," అన్నాను. బస్సులో అందరూ నన్నే చూస్తున్నారు. నాగమ్మ ఒక్క క్షణం నా మొహంలోకి చూసి, సంచీ తీసుకుని లేచింది. "నీదేనా తప్పు? మంచిదాయె. దేవుని తప్పయితే యాడికి పోయి అడుగుదు?"

తిరిగి వచ్చాక దిద్దుబాటు ఒక్క వాక్యమే. షీట్‌లోకి రాసే ముందు అందరి తేదీలనూ మన సమయంలోకి మార్చాను. అర్ధరాత్రి తగిలినవీ, తగలని ఆ నాలుగూ, అన్నీ తమ తమ రోజుల్లోకి వచ్చి కూర్చున్నాయి. అప్పుడు కరుణమ్మ శోభను పిలిచి రిజిస్టర్ ముందు కూర్చోబెట్టింది. "నీ గొంతు బాగుంటదట, మీ టీచర్ చెప్పింది. సదువు బిడ్డా." శోభ కన్నడంలో, బడిలో చదివినట్టే, పేరూ తేదీ చదువుతూ పోయింది. కరుణమ్మ స్కేలు జరుపుతూ టిక్కులు పెట్టింది. ఒకచోట శోభ గొంతు తగ్గింది. "శోభ. జూన్ ఒందు."

"గట్టిగ సదువు. నీదే కదా, దొంగది కాదు," అంది కరుణమ్మ. శోభ గట్టిగా చదివింది. గుమ్మం దగ్గర కూర్చున్న నాగమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది.

మధ్యలో స్కేలు ఆపి కరుణమ్మ నన్నడిగింది. "నాకొక్కటి అర్థం గాలేదు. పుట్టిన తారీఖుకు గంటలెందుకే? నా రిజిస్టర్ల గంటల గడి ఉన్నదా?"

నాలుగేళ్ళ చదువులో ఎవరూ నన్నిలా అడగలేదు. పుట్టిన తేదీ ఒక క్షణం కాదు, ఒక రోజు. దానికి గడియారం తగిలించడమే అసలు తప్పు. తర్వాతి వారం గంటలన్నీ పీకేసి, రోజు, నెల, సంవత్సరం మాత్రమే ఉండేలా మార్చి రాశాను. ఆ తర్వాత నేను రాసిన ఏ ప్రోగ్రాంలోనూ పుట్టిన తేదీకి గంటలు లేవు.

గడువుకు ముందే జాబితా వెళ్ళింది. నాకు మాత్రం స్థిమితం లేదు. ఇంకొక్కసారి తెరిచి చూస్తానని లేస్తే కరుణమ్మ కంప్యూటర్ మీద చెయ్యి పెట్టింది. "టిక్కు పెట్టినంక మళ్ళ సూడొద్దు. టిక్కుకు ముందు ఎన్నిసార్లన్న సూడు, అది పని. తర్వాత సూసేది ఉట్టి భయం. చాయ్ తాగు."

శోభకు ఆ ఏడు సీటు రాలేదు. మార్కులు తక్కువయ్యాయి. నేను కుంగిపోతుంటే కరుణమ్మ, "రాసి పోగొట్టుకున్నది వేరు, మనం పోగొట్టింది వేరు. ఫికర్ చెయ్యకు," అంది. కానీ నాగమ్మ కూతుర్ని కమలనగర్ పంపలేదు. "నా బిడ్డ సదువుతుంటే దఫ్తరంత కూసొని ఇన్నది," అని వాడలో చెప్పుకుందట. శోభ మా బడిలోనే కొనసాగింది. నేను అక్కడి పని ముగించి వచ్చేనాటికి కూడా రిజిస్టర్ చదవడానికి కరుణమ్మ ఆమెనే పిలిచేది.

కరుణమ్మ పదవీ విరమణ చేసి ఇప్పుడు చిట్గుప్పలో చెల్లెలి దగ్గర ఉంటోంది. బడి వదిలి వెళ్ళేరోజు, చూడడానికి వెళ్ళిన నా చేతిలో స్కేలు పెట్టి, "అంకెలు పోయినయని పారెయ్యకు," అంది. పాప పుట్టినప్పుడు ఫోన్ చేశాను. ఎన్ని గంటలకు అని అడిగింది. రాత్రి రెండుంబావుకు అన్నాను. అవతల పెద్దగా నవ్వు. "అమ్మో, ఐదున్నరకు ముందే! నీ లోకం గడియారంల అయితే ముందటి దినమే పుట్టేది గదనే!" పురుటి నొప్పుల్లో గోడ గడియారం చూసి నేనూ సరిగ్గా అదే అనుకున్నానని చెప్పలేదు.

ఇప్పుడు జనన పత్రం ఎడమవైపు, దరఖాస్తు కుడివైపు పెట్టుకున్నాను. పుట్టిన తేదీ వరుస కింద స్కేలు ఆనించి, పాప లేవకుండా చిన్న గొంతుతో పైకి చదివాను. రోజు, నెల, సంవత్సరం. సరిపోయింది. ఎర్ర పెన్సిల్ దొరక్క పాప రంగు పెన్సిళ్ళలో ఎర్రది తీసి, జిరాక్స్ కాపీ మీద టిక్కు పెట్టాను. దరఖాస్తు కవరులో పెట్టి అంటించాను. ఏడోసారి చదవాలని చెయ్యి కవరు దాకా వెళ్ళింది. దాని మీద స్కేలు పెట్టి, దీపం ఆర్పాను.