గుట్ట కింద శిరీష వాళ్ళ నల్లా

మా చిన్నప్పుడు... నల్లా వచ్చే రోజు సాయంత్రం నాలుగింటికే మా అమ్మ నన్ను గుట్ట కిందికి తరిమేది. "పోయి సూడు లతా... కిందోళ్ళు బంద్ జేసిన్రా లేదా" అని.

నాచారంలో మా ఇల్లు గుట్ట మీద ఉండేది. నీళ్ళు రోజు విడిచి రోజు వచ్చేవి. కింది ఇళ్ళవాళ్ళు నింపుకుని నల్లాలు కట్టేస్తే తప్ప పైకి ఎక్కేవి కావు. అందుకే పై గల్లీల పిల్లలం కింద కాపలా కాసేవాళ్ళం. కింద ఒకరు, మలుపు దగ్గర ఒకరు, మెట్ల మీద ఒకరు... "బంద్ జేసిన్రో!" అని కేక అందిస్తే పైన అమ్మలు బిందెలు సర్దుకునేవారు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు కదా... మా పాలిట ఆ పూజారి శిరీష వాళ్ళమ్మ.

శిరీషా నేనూ ఐదో తరగతి. గుట్ట మొదట్లోనే వాళ్ళ ఇల్లు. వాళ్ళ నాన్నది సర్కారు ఉద్యోగం, మా నాన్న ఫ్యాక్టరీలో పని. మా ఇంటికీ నల్లా ఉండేది... కాకపోతే గుంత తవ్వి, అందులోకి దిగి, చెంబుతో పట్టి బిందెలో పోసుకోవాలి. వాళ్ళమ్మేమో నల్లాకు పైపు తగిలించి గులాబీ చెట్లకు పట్టేది, వాకిలి కడిగేది, అది చాలక గేటు కూడా కడిగేది! గేటుకు స్నానమేమిటండీ... మా ఇంట్లో మనుషులకే వంతులు.

నిజం చెప్తున్నా, నాకు కుళ్ళు. శిరీష సాక్సులు తెల్లగా ఉంటే కుళ్ళు. వారంలో మూడుసార్లు తలస్నానం చేసి జుట్టు ఎగరేసుకుంటూ బడికొస్తే కుళ్ళు. పాపం ఆ పిల్ల జామకాయ కొరికి సగం నాకిచ్చేది... తింటూనే కుళ్ళుకునేదాన్ని.

ఒకరోజు వాళ్ళింట్లో శిరీష మేనత్తకు ఒడిబియ్యం పోస్తున్నారు. ఇంటినిండా చుట్టాలు. వాళ్ళమ్మ పైపు పట్టుకుని వాకిలి కడుగుతూనే ఉంది. నేను గేటు బయట అరగంట నిలబడ్డాను. పైనుంచి "ఏమైందే?" అని కేకలు. నాకు ఒళ్ళు మండిపోయింది.

గేటు బయట మోరీ కాలవ పక్కన, చిన్న బండ కింద వాళ్ళ పైపు వాల్వ్ ఉండేది. అటూ ఇటూ చూశాను. బండ జరిపి, రెండు చేతులా బిగించి తిప్పేశాను. లోపల నీళ్ళు ఆగిపోయాయి. "అయ్యో, నల్లా పోయిందే!" అని వాళ్ళమ్మ గొంతు వినబడుతుండగానే నేను మెట్లెక్కుతూ అరిచాను... "బంద్ జేసిన్రో!"

ఆ రోజు పడినంత ధార మా గుంతలో ఎన్నడూ పడలేదు. డ్రమ్ము అంచుదాకా నిండింది. అమ్మ ముఖం వెలిగిపోయింది. నేనేదో రాజ్యం గెలిచినట్టు అరుగు మీద కాళ్ళూపుకుంటూ కూర్చున్నాను.

ఇంతలో శిరీష వచ్చింది, రెండు ఖాళీ బిందెలతో. "ఆంటీ, మా నల్లా ఆగిపోయింది. ఇంట్ల చుట్టాలున్నరు. జర రెండు బిందెలిస్తరా?"

మా అమ్మ ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. ఆ డ్రమ్ములోంచే ముంచి ముంచి పోసింది. "ఒడిబియ్యం ఇంట్ల నీళ్ళు లేకుంటే ఎట్ల బిడ్డా" అంటూ. తర్వాత నా వైపు తిరిగింది. "సూస్తవేందే? ఒకటి నువ్వెత్తుకో."

"నేనెందుకు?" అన్నాను. అమ్మ చూసిన చూపుకి బిందె దానంతటదే నడుమెక్కింది.

అలా... వాళ్ళ నీళ్ళు కట్టేసిన పాపానికి మా నీళ్ళు నేనే మోసుకుంటూ గుట్ట దిగాను. గౌను సగం తడిసింది. ముందు శిరీష నడుస్తోంది. గేటు దగ్గర ఆగి, "నువ్వు జర ఈడనే ఉండు. ఇది లోపల పెట్టొచ్చి నీది తీస్కుంట" అని వెళ్ళిపోయింది.

నేనొక్కదాన్నే. కాళ్ళ దగ్గర ఆ బండ. గబగబా జరిపి వాల్వ్ వెనక్కి తిప్పేశాను. వాకిట్లో పైపు బుస్సుమంది.

వాళ్ళమ్మ పరుగున వచ్చి నా గడ్డం పట్టుకుంది. "సూసిన్రా... బిడ్డ అడుగు వెట్టింది, నల్లా వచ్చింది!" అని రెండు లడ్డూలు చేతిలో పెట్టింది. ఆ తర్వాత ఎప్పుడు నీళ్ళు సన్నబడినా "జర లతను పిలువుండ్రి" అనేది. నేనూ సిగ్గు లేకుండా వెళ్ళి అడుగు పెట్టి వచ్చేదాన్ని.

తెలంగాణ వచ్చిన ఏడాది శిరీష పెళ్ళి. నలుగు పెడుతూ ఇక ఉండబట్టలేక చెవిలో చెప్పేశాను... ఆ రోజు వాల్వ్ తిప్పింది నేనేనని.

శిరీష నవ్వింది. "నాకెరుకనే. డాబా మీద బట్టలు తీస్కుంట చూసిన."

"మరి మీ అమ్మకెందుకు చెప్పలే?"

"చెప్తే మీ ఇంటి మీదికి లొల్లికొచ్చేది. పోనీ నేనే తిప్పుకుంటే, నాకు తెలిసిందని నువ్వు సిగ్గుతోని మల్ల నాతోని మాట్లాడకపోతుంటివి. గందుకే బిందెలు వట్టుకోని నీ దగ్గరికే వచ్చిన. నువ్వే తిప్పుతవని తెలుసు."

నా చేతిలో నలుగుపిండి అలాగే ఉండిపోయింది. ఏడ్చాను కూడా... పెళ్ళికూతురు అత్తారింటికి పోతుందని ఏడుస్తున్నాననుకున్నారు అందరూ.

ఇప్పుడు ఆ గుట్ట నిండా అపార్ట్‌మెంట్లే. మోటారు వేస్తే ఐదో అంతస్తుకైనా నీళ్ళెక్కుతాయి. ఎవరి నల్లా ఎప్పుడు ఆగిందో ఎవరికీ తెలియదు, కేకేసి చెప్పేవాళ్ళూ లేరు. మా ఎదురు ఫ్లాటువాళ్ళ పేరు కూడా నాకు తెలియదు... ఇక కుళ్ళుకునేదెవర్ని చూసి?

నీళ్ళ మీది కుళ్ళు ఎప్పుడో పోయింది. పదేళ్ళ పిల్లకి అంత మనసు ఎక్కడిదన్న కుళ్ళు మాత్రం ఇప్పటికీ పోలేదు. మీ చిన్నప్పుడూ ఇలాంటి స్నేహితురాలు ఉంటే రాయండి... ఇంకాస్త కుళ్ళుకుంటాను.