పరీక్షకు కూర్చున్న పొట్ట

శాన్ ఆంటోనియోలో యుసేబియో తాత పొట్టను మించిన పొట్టలు చాలానే ఉన్నాయి గానీ, ఆస్పత్రివాళ్ల మందు పరిశోధనలో చేరిన పొట్ట వాళ్ల వీధి మొత్తానికీ ఆయనదొక్కటే. లివర్ గట్టిపడి నీరు పట్టిన ఆ పొట్టను పుచ్చకాయలా తట్టి మరీ అందరికీ చూపిస్తాడు. పొద్దున్నే మీసం దువ్వి, టోపీ పెట్టుకుని, నిటారుగా కూర్చుంటే గానీ ఆస్పత్రివాళ్లిచ్చిన మాత్ర మింగడు. పొట్టలోని నీటికి ఇన్‌ఫెక్షన్ సోకకుండా ఆ మాత్ర ఆపగలదా అన్నదే పరీక్ష. అందులో ఉన్నది మందో, ఉత్త పిండో ఆయనకూ తెలియదు, ఇచ్చే నర్సుకూ తెలియదు.

ఒక ఆదివారం తాత, వారం వారం ఇష్టంగా తినే బార్బకోవా మాంసం కూడా ముట్టలేదు. భార్య డెల్ఫినా నుదురు తాకి చూస్తే కాలిపోతోంది.

"ఎప్పట్నుంచి, ముసలోడా?"

"నిన్నట్నుంచి. పొట్టలో కూడా నొప్పే. అరవకు! తెలిస్తే వాళ్ల మందు ఓడిపోతుంది. నా వల్ల ఓడిపోవాలా?"

"మందు గెలిచి నువ్వు పోతే, దండ మందుకెయ్యనా?" అంటూ ఆమె కారు తాళాలు అందుకుంది.

ఆస్పత్రిలో డాక్టరు ఆయన పొట్టలోంచి తీసిన నీటిని నర్సు ఒఫేలియా మంచం పక్కనే క్రిముల పరీక్ష సీసాల్లోకి ఎక్కించింది. ఇన్‌ఫెక్షనేనని తేలింది, సూదిమందు మొదలైంది. "డాన్ యుసేబియో గారూ, మందు పనిచేయకపోతే ఆ సంగతే మాకు కావాలి. మీరు దాస్తే, మీ వెనక వచ్చే రోగులకి అబద్ధం చెప్పినట్టే" అందామె, డెల్ఫినా చెప్పిందంతా విని.

జ్వరం దిగాక తాత ముందు టోపీ అడిగాడు. పెట్టుకుని, పక్క మంచం రోగి వైపు తిరిగి పొట్ట తట్టాడు.

"ఇదుందే, నిజమే చెప్పింది. అబద్ధమాడింది నోరు."