మనవరాలి చెవి పాడుచేస్తున్నానట

ఈ రోజు మారేడ్‌పల్లిలో నాలుగేళ్ల మనవరాలి బడిలో పేరెంట్స్ మీటింగ్ ఉంటే కోడలితో పాటు నేనూ వెళ్లాను. టీచరమ్మ ఫోన్‌లో రెండు ఇంగ్లిష్ మాటలు వినిపించి, తేడా చెప్పమని నన్ను అడిగింది. ఒక 'కాట్' అంటే మంచమట, ఇంకో 'కాట్' అంటే పట్టుకున్నాడనట. నాకు రెండూ ఒక్కలాగే వినిపించాయి.

"చూసిన్రా మేడమ్," అని ఆమె కోడలి వైపు తిరిగింది. "అంకుల్‌ది చిన్నప్పటి నుంచి తెలుగు మీడియం. చెవి గట్లనే సెట్ అయిపోయింది. ఇంట్ల పాపతోని తెలుగు బంద్ చేయండి. లేకుంటే పాపకు సుత గిట్లనే అయితది."

నలుగురిలో నోరు విప్పే అలవాటు నాకు లేదు. ఈ రోజు విప్పాను.

"జెర ఫోన్ బోర్లేసి, ఏది ఏదో మీరు చెప్పండమ్మా."

"స్క్రీన్ మీద స్పెల్లింగ్ చూడకుంటే ఎట్ల తెలుస్తది అంకుల్?" అంది, ఏమాత్రం తడుముకోకుండా.

ఈ చెవులతో వీళ్లు పిల్లల చెవులు బాగుచేస్తారట. అయినా కోడలు అన్నింటికీ తల ఊపింది. ఇంటికి రాగానే, "కొన్నాళ్లు పాపతోని మాటలు తగ్గించండి మామయ్యా," అని మెల్లగా చెప్పింది.

రోజంతా నేను నోరు తెరిచేది ఆ పిల్ల దగ్గరే. అదీ నాలుగు ముక్కలు. వాటిలో ఏది మానుకోవాలో తెలిసినవాళ్లెవరైనా చెప్పండి.