అస్తర్ అని అడిగితే

నా ఉద్యోగం ఏమిటని బంధువులు అడిగితే చెప్పడం కొంచెం కష్టం. మాది ఆన్‌లైన్ దుకాణం. జనం మా యాప్‌లో వస్తువులను ఎలా వెతుకుతారో, వెతికింది ఎందుకు దొరకడం లేదో వాళ్ల ఇంటికి వెళ్లి, ఎదురుగా కూర్చుని తెలుసుకోవాలి. ఆ పనిమీదే ఒకరోజు పొద్దున్నే బోయిన్‌పల్లిలో, ఇంట్లోనే జాకెట్లు కుట్టే ఒకావిడ దగ్గరికి వెళ్లాను.

ఆవిడకు నలభై ఐదేళ్లు దాటి ఉంటాయి. మెడలో వేలాడుతున్న టేపుతోనే తలుపు తీసింది. నాకు కుర్చీ వేసి, తను కుట్టుమిషను ముందు స్టూలు మీద కూర్చుంది. నేను రికార్డింగ్ మొదలుపెట్టి, "మీకు కావలసింది రోజూ ఎలా వెతుకుతారో అలాగే వెతకండి అక్కా. నేనిక్కడ లేననుకోండి" అన్నాను.

"గిట్ల ఎదురుంగ కూసుంటే లేరనుకునుడెట్ల మేడం?" అని నవ్వింది.

ఆవిడకు ఆరోజు జాకెట్టు లోపల వేసే అస్తరు గుడ్డ కావాలి. మైకు గుర్తు నొక్కి, ఫోను నోటి దగ్గర పెట్టుకుని, స్పష్టంగా "అస్తర్" అంది. యాప్‌కు అది ఇంగ్లీషు 'స్టార్'లా వినిపించినట్టుంది, తెర నిండా నక్షత్రాలు వచ్చాయి. బాల్కనీకి కట్టుకునే నక్షత్రాల దీపాలు, పిల్లల గదుల్లో గోడకు అంటించే నక్షత్రాలు. ఆవిడ కాసేపు వాటివంక చూసి, "బ్లౌజ్ అస్తర్" అంది. ఈసారి నక్షత్రాల అచ్చు వేసిన రెడీమేడ్ జాకెట్లు వచ్చాయి. ఆఖరికి ఇంగ్లీషు అక్షరాలు ఒక్కొక్కటే వెతుక్కుని టైపు చేసింది. మధ్యలో ఒక అక్షరం పోయింది. ఏమీ దొరకలేదని వచ్చింది.

ఆవిడ ఫోను మిషను మీద పెట్టి, అరచేతులు కొంగుకు తుడుచుకుంది.

"నాదే తప్పు మేడం. నాకు ఇంగ్లీష్ రాదు. మా బిడ్డ ఉంటే ఒక్క నిమిషంల తీస్తుండె."

నాకు తెలుసు, అస్తరు గుడ్డ మా దగ్గర బోలెడు రంగుల్లో ఉంది. లైనింగ్ అని కొడితే వరసగా వస్తుంది. కానీ మా పనిలో మొదట నేర్పే నియమం, దారి చూపించకూడదని. ఎదుటివాళ్లు తడబడినా ఊరుకుని చూడాలి.

"అసలు మీ దుకాణంల ఉన్నదా లేదా? జెర చెప్పుండ్రి" అని అడిగింది.

"మీరేమనుకుంటున్నారు?" అన్నాను. ప్రశ్నకు ప్రశ్నతోనే జవాబివ్వమని కూడా మాకు నేర్పారు.

ఆవిడ బడిలో పాఠం రాని పిల్లలా తల దించుకుని, "లేదేమో అనుకుంటున్న" అంది.

ఇంకో రెండు ప్రశ్నలు అడిగి రికార్డింగ్ ఆపేశాను. మనసు ఊరుకోక, ఆవిడ ఫోను తీసుకుని లైనింగ్ అని కొట్టి చూపించాను. ఆవిడ తెర వంకా, నా వంకా మార్చి మార్చి చూసింది.

"ఉన్నదా? మరి నేను అంత పరేషాన్ అయితుంటే చెప్పకపోతివేంది? చెప్తే నీదేం పోతుండె?"

నియమమని చెబితే ఇంకా బాగుండదు. "తప్పయింది అక్కా" అన్నాను. ఆవిడ లేచి లోపలికి వెళ్లింది. ఇక వెళ్లమని అర్థమేమో అనుకుని సంచి సర్దుకుంటుంటే, రెండు గ్లాసుల చాయ్‌తో వచ్చింది.

"తాగు చెల్లె. గిప్పుడు నేను చెప్త, నువ్వు రాస్కో. మేం దేన్ని ఏమంటమో."

జాకెట్టు వీపున కట్టే తాడు డోరీ, దాని కొసకు వేలాడేవి లట్కన్లు. గంటసేపు చెప్పింది. ఒక్కో వస్తువూ డబ్బాలోంచి తీసి నా చేతిలో పెడుతూ చెప్పింది.

ఆఫీసులో ఆ రికార్డింగ్ వేసినప్పుడు, నక్షత్రాల దీపాలు రాగానే అందరూ నవ్వారు. చెడ్డవాళ్లు కారు, నిజంగానే నవ్వొచ్చే సంగతే. నాకు మాత్రం మా అమ్మ గుర్తొచ్చింది. శ్రీకాకుళం వైపు నుంచి మేము మారేడ్‌పల్లికి వచ్చిన కొత్తలో, కిరాణా కొట్లో అమ్మ "ఇదేటండీ?" అంటే అక్కడున్నవాళ్లు "ఏటి, ఏటి" అని సాగదీసి వెక్కిరించారు. ఆ తరవాత చాలా నెలలు అమ్మ కొట్లో నోరు విప్పలేదు. కావలసినదాన్ని వేలితో చూపించి తెచ్చుకునేది.

రికార్డింగ్ అక్కడితో ఆపబోయారు. చివరిదాకా వేయమన్నాను. ఆవిడ "జెర చెప్పుండ్రి" అనడం, నేను చల్లగా "మీరేమనుకుంటున్నారు?" అనడం అందరూ విన్నారు. నా గొంతు నాకే పరాయిగా వినిపించింది. ఎవరూ నవ్వలేదు. మా మేనేజరు, "ఆవిడ చెప్పిన మాటల చిట్టా ఉందా?" అని అడిగాడు.

ఆ మాటలన్నీ యాప్‌లో చేర్చడానికి కొన్ని వారాలు పట్టింది. అయ్యాక మళ్లీ వెళ్లాను. ఈసారి రికార్డింగ్ పెట్టలేదు. ఆవిడ "అస్తర్" అంది. గుడ్డలు వచ్చాయి. "వచ్చినయ్!" అని స్టూలు మీంచి లేచి నిలబడింది. ఆరోజు నాకు రాయించిన పేర్లన్నీ వరసగా పలికి చూసింది. డోరీ అంటే డోరీ వచ్చింది. ఒక కట్ట తనే ఆర్డరు పెట్టింది.

అస్తరు మాత్రం కొనలేదు. వంకాయరంగు జాకెట్టు ముక్క తెచ్చి, గుమ్మంలో వెలుతురుకు పట్టి, ఫోను దాని పక్కన పెట్టి చూసింది.

"ఫోన్ల రంగు వేరే, గుడ్డ రంగు వేరే. గిది చూసి ఎట్ల కొంటం?"

ఆ ముక్క పట్టుకుని మ్యాచింగ్ సెంటరుకు బయల్దేరింది. నేనూ వెంట వెళ్లాను. కొట్టువాడు మూడు వంకాయరంగులు తీసి పరిస్తే, నా కంటికి మూడూ ఒకటే. ఆవిడ మూడింటినీ రోడ్డు మీదికి తెచ్చి, ఎండలో ఒక్కొక్కటే ముక్క పక్కన పెట్టి, క్షణంలో రెండోదాన్ని వేరుచేసి మీటరు చింపమంది.