గాలి లేచినప్పుడు మరియమ్మ

2023 వేసవి ముగిసే నాటికి, మాచర్ల అవతల కృష్ణ ఒడ్డున ఉన్న పార్కులో నేను కయాకింగ్, ప్యాడిల్‌బోర్డింగ్ నేర్పుతున్నాను. కయాక్ అంటే కూర్చుని తెడ్డు వేసే సన్నని పడవ. ప్యాడిల్‌బోర్డు మనిషి కంటే పొడవైన వెడల్పాటి పలక, దాని మీద నిలబడి తెడ్డు వేస్తారు. చూడటానికి బాగుంటుంది కాబట్టి అందరి ఫోన్లూ దానివైపే తిరిగేవి.

పార్కు ఊడ్చే మరియమ్మది రెంటచింతల. తెల్లారే పని ముగించుకుని, జనం రాకముందు నా దగ్గర తెడ్డు పట్టడం నేర్చుకుంది. కొత్తవాళ్ల వెంట నీళ్లలోకి వెళ్లి క్షేమంగా తీసుకొచ్చే గైడ్ ఒకరు కావాలని పార్కు లీజుదారు చెప్పగానే తన పేరూ ఇచ్చింది. ఆయన నవ్వాడు.

“ఆడమనిషి వెంట నీళ్లలోకి ఎవరొస్తారే?”

“ఆడోళ్లొస్తారు సార్. ఇన్నాళ్లూ ఒడ్డున నిలబడి మీ మగోళ్ల చెప్పులు కాపలా కాసింది వాళ్లేగా.”

ఆదివారం సాయంత్రం పరీక్ష పెట్టాం. ప్యాడిల్‌బోర్డు మీద వెళ్లి, నీళ్లలో తేలే ఎర్ర డ్రమ్మును చుట్టి రావాలి. తీర్పు నాది. అదే పనికి పోటీపడి ముందు వెళ్లిన కుర్రవాడు నిలబడే వెళ్లాడు, దారిలో రెండుసార్లు నీళ్లలో పడ్డాడు. బోర్డును కాలికి కట్టే తాడును లీష్ అంటారు. అది ఉండబట్టి మళ్లీ ఎక్కాడు. జనం ఈలలు వేశారు.

మరియమ్మ సగం దూరం వెళ్లేసరికి గాలి గట్టిగా లేచింది. ఆమె వెంటనే మోకాళ్ల మీదికి దిగి, తెడ్డును కిందికి పట్టుకుంది. “చర్చి అటు లేదమ్మా,” అని ఒడ్డు నుంచి ఎవరో అరిచారు. ఆమె తల తిప్పలేదు. డ్రమ్ము చుట్టి, జడ తడవకుండా తిరిగొచ్చింది.

నిలబడలేదు కాబట్టి ఫెయిలన్నాడు లీజుదారు. గాలిలో బరువు కిందికి దించితేనే బోర్డు తిరగబడదని నేను చెప్పాను. టిక్కెట్టు కొనేవాళ్లకు అవేమీ పట్టవన్నాడాయన.

మరియమ్మ తెడ్డు ఇవ్వలేదు. ఇసుకలో గుచ్చి పట్టుకుంది.

“పడి లేచినోడు పాసు, పడకుండా వచ్చిన నేను ఫెయిలా? ఇదేం లెక్క సార్? రేపు ఎవరి బిడ్డో నా ముందు కూసుంటది. ఆ బిడ్డతో కూడా పడి లేవమంటారా?”

ఈమెను కాదంటే మరొకరిని పాస్ చేయనని, తీర్పుకు వేరే మనిషిని చూసుకోమని నేనూ చెప్పేశాను. ఆయన ముఖం ఎర్రబడింది.

అప్పుడు గుంపులోంచి ఒకావిడ ముందుకొచ్చింది. క్రోసూరు నుంచి కుటుంబంతో వచ్చారట. చేతిలో ఉన్న భర్త చెప్పుల జతను భర్తకే ఇచ్చి, తన చెప్పులు కూడా విప్పి దాని మీద పెట్టింది.

“ఇవి పట్టుకో. గాలి తగ్గినాక నేను ఆ అక్కతోనే పోతా.”

ఆమె వెనక మరో ఇద్దరు వచ్చి టిక్కెట్ల దగ్గర నిలబడ్డారు. లీజుదారు కాసేపు ఆ వరుసను చూసి, గైడ్‌కి ఇవ్వాల్సిన విజిల్‌ను తన మెడలోంచి తీసి బల్ల మీద పెట్టాడు. చేతికి మాత్రం ఇవ్వలేదు. మరియమ్మే తీసుకుని మెడలో వేసుకుంది.

అప్పటిదాకా మొదటి రోజే బోర్డు మీద నిలబడటం నేర్పేవాణ్ణి. ఇప్పుడు మా పార్కులో మొదటి పాఠం మోకాళ్ల మీద తిరిగి రావడం, నేర్పేది మరియమ్మ. మోకాళ్ల మీదికి దిగడం నామోషీ అనుకుని నిలబడే ఉండే కుర్రాళ్లకు ఆమె ఒకే మాట చెబుతుంది:

“లేవటం రేపైనా నేర్పుతా. ముందు ఒడ్డుకు రా నాయనా.”