కొబ్బరినూనె మెరుపు

పోయిన ఆదివారం కోదాడల పనుండి పోయి, పనిల పనిగ బండిని సర్వీసింగుకు ఇచ్చిన. నీళ్ళు కొట్టి, నురుగు పెట్టి కడిగి ఆరబెట్టిందాక అంతా మంచిగనే ఉంది. ఆ తర్వాత సర్వీసింగ్ ఆయన గూట్లకెళ్ళి ఒక సీసా తీసి, మురికి గుడ్డ మీద నాలుగు చుక్కలు ఒంపుకున్నడు. డీజిల్ కలిపిన కొబ్బరినూనె. ఆ వాసన ముక్కుకు తగిలిందో లేదో చెయ్యి అడ్డం పెట్టిన. వద్దన్న. ఆయన నవ్వి, "ఒక్కసారి చూడండి సార్, అద్దంలా మెరిసిపోద్ది. ట్యాంకు మీద ఈ మచ్చ కూడా కనపడకుండా చేసేస్తా" అన్నడు. ఇంకో అడుగేస్తే ఆంధ్రానే గదా, కోదాడల మాట ఆ దిక్కుకు ఒరుగుతది, మర్యాద కూడ జర ఎక్కువనే ఉంటది. ఆయన తప్పేం లేదు. పాత బండ్లన్నిటికీ అదే పూస్తడు, అందరూ సంబురంగ ఎక్కి పోతరు. నేనే ఆ గుడ్డ ఆయన చేతిలకెళ్ళి గుంజి అవతల పారేసిన. అరవైకి దగ్గరపడ్డ మనిషి చేసే పనేనా ఇది అన్నట్టు చూసిండు. ఆ మచ్చ సంగతి ఆయనకు అక్కడ నిలబడి చెప్పలేకపోయిన. చెప్పుకుంటే సిగ్గు, చెప్పుకోకుంటే ఆ వాసన ముక్కు వదలదు.

బండి మా మేనమామది. మామ ఆర్‌ఎంపీ డాక్టరు. పెద్ద దవాఖానలోళ్ళు ఆ మాట వింటే మూతి తిప్పుతరు గని, పెన్‌పహాడ్ చుట్టుపక్కల తండాలల్ల, ఇటు పాలకీడు దాక, జ్వరమొచ్చినా తేలు కుట్టినా జనం మొదలు చూసేది మామ బండి కోసమే. ఎర్రటి బండి, మంచిగ పండిన గోరింటాకు రంగు. దూరంకెళ్ళి అది కనబడితే పెద్దోళ్ళు ఎదురొచ్చేటోళ్ళు, పిల్లలు మాత్రం సూదుల బండి వచ్చిందని గడ్డివాముల వెనుకకు ఉరికేటోళ్ళు. ఆ దుమ్ము తొవ్వలల్ల దినమంతా తిరిగిన బండి శుక్రవారం పొద్దుగాల చూస్తే షోరూముల పెట్టినట్టు ఉండేది. పాత ధోతి చింపిన గుడ్డతోని మామనే తుడిచేటోడు, ఇంకో గుడ్డ తాకనియ్యకపోయేటోడు. దసరాకు మా అత్త పసుపు కుంకుమ తెస్తే, బొట్లు లైటుకు పెట్టు, ట్యాంకుకు వద్దు, కుంకుమ రంగును తింటది అని ప్రతి ఏడు అదే లొల్లి. ట్యాంకుకు బొట్టు లేకుంటే బండికి అరిష్టమని అత్త, పెడితే మచ్చ పడ్తదని మామ. ఆఖరికి బొట్టు లైటుకే పోయేది.

అత్త పోయినంక మామ మిర్యాలగూడల బిడ్డ దగ్గరికి చేరిండు. మా మరదలు వాళ్ళది మూడో అంతస్తుల కిరాయి ఇల్లు, కింద ఉన్న జాగ ఓనరు బండ్లకే చాలదు. అందుకని బండిని సూర్యాపేటకు తెచ్చి నాకు అప్పజెప్పిండు. తాళంచెవి చేతిల పెట్టుకుంట, "నీడల పెట్టు. ఇంకేం అడగ నిన్ను" అన్నడు. అన్ని సామాన్ల మీద, అందరు మనుషుల మీద నానా షరతులు పెట్టే మనిషి నాకు పెట్టిన షరతు అదొక్కటే.

నీడల పెట్టిన, కాదనను. ఏడాది పెట్టిన. తర్వాత కారు కొన్న. మా ఇంట్ల రేకుల షెడ్డు ఒక్కటే, కారుకే సరిపోయింది. బండిని పక్కగోడకు ఆనించిన. ఆ గోడ మీద సజ్జా, సజ్జా మీద పావురాలు. ఎవలకన్న పావురాలంటే ముద్దేమో, నాకు మాత్రం వాటి పేరెత్తితే ఒళ్ళు జలదరిస్తది. ఆరేండ్లు అవి ఆ ట్యాంకు మీద చేసింది చెప్తే తిన్నది బయటికొస్తది. తెల్లగ, పచ్చగ, పొర మీద పొర, వానకు నాని ఎండకు పేలిపోయిన రెట్ట, మధ్యల ఈకలు. ఒకసారి ఇంట్ల చెంచతోని గీకిన. ఆ చెంచ మళ్ళ వంటింట్లకు పోయిందేమోనన్న అనుమానం ఇప్పటికీ ఉంది. గీకినకాడ రంగు తినేసి లోపలి పూత దాక గుంత పడ్డది. మిగతా రంగు ఎండకు వెలిసి ఇటుకపొడి లెక్కయింది, చెయ్యి రాస్తే సుద్ద అంటినట్టు అంటేది. నాకే రోతపుట్టి గోనెసంచి కప్పిన. వారానికోసారి సంచి ఎత్తకుంటనే కిక్కు కొట్టి, ఇంజను మంచిగనే ఉంది గదా అని నాకు నేను చెప్పుకునేటోణ్ణి.

ఇంతకన్న రోత పని ఇంకోటి చేసిన. మామకు అప్పటికి రెండు కండ్లల పొరలొచ్చినయి. మనిషి నీడ తెలిసేది, మొహం తెలియకపోయేది. ఆపరేషనంటే ఊరందరికీ సూదులేసిన ఆ మనిషికి వణుకు, ఏండ్లకేండ్లు వాయిదా వేసుకుంట వచ్చిండు. ఆ మసకలనే రెండుసార్లు మా ఇంటికొచ్చిండు. రెండుసార్లు గోడకాడికి పోయి బండి ఎట్లుందిరా అని అడిగిండు. అట్లనే ఉంది మామా అన్న. ఆయన ట్యాంకు కోసం చెయ్యి చాపిండు. నేను ఆ చెయ్యి పట్టుకొని తెచ్చి సీటు మీద పెట్టిన. ఆయన వస్తున్నడని సీటు మీది సంచి తీసి కొత్త కవరు వేయించి పెట్టిన, మెత్తగ ఉండె. మామ దాన్నే నిమిరి చెయ్యి తీసుకున్నడు. గిట్ల రెండోసారి కూడ చేసిన. థూ, నా బతుకు.

ఆఖరికి మా మరదలు బతిమాలి బతిమాలి ఆపరేషన్ చేయించింది. రెండో కన్నుది కూడ అయిన వారానికి మామ ఫోన్ చేసిండు. గోడ మీద పోయే చీమ కూడ కనబడుతుందట. ఐతారం బండి తీసుకరా, సూస్త అన్నడు. ఇన్నేండ్లు ఆయన కండ్లల మసక ఉండబట్టే నా పరువు నిలిచిందని అప్పుడు సమజైంది. నాలుగు దినాలల్ల రంగెట్ల తేవాలె? సూర్యాపేటల ఎవల్నడిగినా ఒకటే మాట, డీజిల్ల కొబ్బరినూనె కలిపి పూయి, ధగధగ మెరుస్తది అని. మా ఇంటామె తలకు పెట్టుకునే నూనె సీసా ఖతం చేసిన. కండ్లు లేనప్పుడు ఒక మోసం, కండ్లొచ్చినంక ఇంకో మోసమా అని ఆమె అన్నది. ఇననట్టే పూసిన. నిజంగనే మెరిసింది. రెట్ట తిన్న గుంత కూడ తడికి నల్లబడి కలిసిపోయింది. నా తెలివికి నేనే మురిసిపోయి పెన్‌పహాడ్ మీదికెళ్ళి మిర్యాలగూడ తొవ్వ పట్టిన.

వరికోతల దినాలు. తొవ్వ పొడుగూత వడ్ల లారీలు, అవి లేపే దుమ్ము. మిర్యాలగూడ దగ్గరపడ్డకొద్దీ మిల్లుల గొట్టాలల్లకెళ్ళి ఊక బూడిద. ఆ ఊర్ల ఆరేసిన తెల్లబట్ట సాయంత్రానికి తెల్లగ ఉండదని పుట్టినకాడికెళ్ళి తెలిసినోణ్ణి, నూనె పూసిన బండి మీద అది ఏమైతదో ఒక్కసారన్న ఆలోచించకపోతిని. మామ ఇంటి ముంగట దిగి చూస్తే ఎరుపు లేదు, మెరుపు లేదు. నూనెల నల్ల బూడిద ముద్దగట్టి జిడ్డు కారుతున్నది. దస్తీతోని తుడిస్తే కాటుక లెక్క పూసుకపోయింది. ఇంక పూస్తున్ననో తుడుస్తున్ననో తెల్వకుంట రాస్తనే ఉన్న, అంతల మెట్ల మీద చెప్పుల సప్పుడు వినబడ్డది.

మరదలు చెయ్యి పట్టుకొని మామ దిగొచ్చిండు. నల్లద్దాలు తీయొద్దని డాక్టరు చెప్పినా తీసిండు. చాన సేపు చూసిండు. ట్యాంకు మీద ఒక వేలు రాసి, మెల్లగ ముక్కుకాడ పెట్టుకున్నడు. తిడితే బాగుండు అనిపించింది.

"కొబ్బరినూనె" అన్నడు. నా దిక్కు చూడకనే మళ్ళ అన్నడు. "రెండుసార్లు నా చెయ్యి పట్టి సీటు మీద పెట్టినవ్. అప్పుడే ఎరుకైందిరా నాకు."

మరదలు మొహం తిప్పుకున్నది. నేను నిలబడ్డ జాగ ఇరుకైపోయింది. పొమ్మంటే పోదామని చూసిన, మామ పొమ్మనలేదు. బండిని గోడ నీడకు తోయమన్నడు, కుర్చీ వేయించుకొని కూసున్నడు. వంగొద్దు, దుమ్ము తగలొద్దు అని డాక్టరు మాట, అందుకని ఆయనది నోరు, చేతులు నావి. షాంపూ నీళ్ళతోని మూడుసార్లు కడిగిన. నల్లటి జిడ్డునీళ్ళు కాళ్ళ మీదినుంచి పారినయి. రంగుల దుకాణంలకెళ్ళి, మాసిన రంగును అరగదీసే రబ్బింగ్ కాంపౌండ్ డబ్బా తెచ్చిన. మామ పైనుంచి ధోతి గుడ్డ తెప్పించిండు. అరచెయ్యంత జాగ చూసుకో, నిలువుగ రుద్దు, గుండ్రంగ తిప్పకు, అంచులకాడ చెయ్యి తేలిగ్గ పోనీ అని చెప్తున్నడు. రెండు నిమిషాలల్ల గుడ్డ ఎర్రగైంది. రంగంతా ఊడొస్తుందని భయపడి ఆపిన.

"అది సచ్చిన రంగు, పోనీ. పుండు మీది సచ్చిన తోలు తీస్తేనే కింద మంచి తోలు వస్తది" అన్నడు.

పొద్దు తిరిగేసరికి రెక్కలు పడిపోయినయి, మరదలు చాయ తెచ్చి నా చేతికియ్యక కింద పెట్టి పోయింది. అయితే ఆ సుద్ద కిందికెళ్ళి మెల్లగ ఆ గోరింటాకు ఎరుపు పైకొచ్చింది. ముందు ఇంత, తర్వాత ఇంత, తర్వాత నా మొహం కనబడేటంత. ఆ మొహం చూడబుద్ది కాలేదు నాకు. ఒక్క రెట్ట తిన్న జాగనే మిగిలింది. అక్కడ రుద్దనీకి రంగే లేదు. అయినా రుద్దుతనే ఉన్న, రుద్దితే పోతదన్నట్టు. మామ కుర్చీలకెళ్ళి లేసి వచ్చి నా చెయ్యి పట్టుకున్నడు. పట్టుకొని తీసుకపోయి ఆ గుంత మీద పెట్టిండు, వేళ్ళకు ఆ గరుకు తగిలేటట్టు.

"గిది ఉండనీ" అన్నడు. "మొత్తం మెరిస్తే మళ్ళ ఎండల పెడ్తవ్."

బండి తిరిగి తీసుకుంటడనుకున్న. తాళంచెవి మళ్ళ నాకే ఇచ్చిండు. మూడేండ్లాయె మామ పోయి. ఇప్పుడు రేకుల షెడ్డుల బండి ఉంటది, కారు ఎండల ఎండుతది, పావురాలు ఆ కారు మీద చేసేది చేస్తయి. శుక్రవారం శుక్రవారం ధోతి గుడ్డతోని తుడుస్త. రెండు నెలలు చెయ్యి పెట్టకుంటే చాలు, ఆ మెరుపు కండ్లముందే మాసిపోతది. ఆ మచ్చకు మాత్రం ఎవలూ ఏం చేయనక్కర లేదు, ఇన్నేండ్లయినా నిన్న పడ్డట్టే ఉంది.